మామూలు ఆరు

సోమవారం పొద్దున్న షట్టరు ఎత్తేసరికి మేకుల షాపాయన చేతిలో ఉన్న సరుకు ఇదీ: తెల్ల సీసాలో ఎనిమిది బిళ్ళలు, నీలం అట్ట డైరీలో నాలుగు ఖాళీ పేజీలు, గల్లా దగ్గరి స్టూలు నుంచి వెనక బాత్రూము తలుపు దాకా ఇరవై రెండు అడుగులు. బిళ్ళలు రోజుకి రెండు. పేజీ రోజుకి ఒకటి. అడుగులు మాత్రం పెద్దపేగు ఎన్నిసార్లు నడవమంటే అన్నిసార్లు.

గురువారం రాత్రికి బిళ్ళలూ పేజీలూ అయిపోతాయి. శుక్రవారం ఆసుపత్రిలో లెక్క తేలుస్తారు. లెక్క కుదిరితే ఏడాదిపాటు అదే మందు. కుదరకపోతే ఖాళీ సీసా తిరిగి ఇచ్చేసి ఇంటికి రావడమే. ఆ మందుకి ఇంకా పేరు కూడా లేదు, ఒక నంబరు ఉంది అంతే. పరీక్షలో చేరినవాళ్ళకి తప్ప ఎవరికీ దొరకదు. చేరినవాళ్ళలోనూ సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరి సీసాలో ఏది ఉందో ఇచ్చే డాక్టరుకే తెలియదు. అయినా ఎనిమిది వారాల కిందట రోజుకి పదిసార్లు, పదకొండుసార్లు నడిచిన ఆ ఇరవై రెండు అడుగుల్ని అతను ఇప్పుడు ఐదుసార్లే నడుస్తున్నాడు. మందైతేనేం, పిండైతేనేం, పని జరుగుతోందా లేదా అన్నదే అతనికి కావాలి.

బిళ్ళ వేసుకుని తక్కెడ దగ్గరికి వెళ్ళాడు. ఎలక్ట్రిక్ కాటాలు వచ్చి ఎన్నేళ్ళయినా మేకులు, మరలు, బోల్టులు అతను పాత తక్కెడలోనే తూస్తాడు. ఖాళీ పళ్ళాలు రెండూ గుడ్డతో తుడిచి, ముల్లు ఎటు వాలుతుందో ఒక కన్ను మూసి చూశాడు. ఎడమ పళ్ళెం వెంట్రుక మందం కిందికి దిగింది. దాన్ని పాసంగం అంటారు. కుడి గొలుసుకి చిన్న వాషరు ఒకటి తగిలించాడు. ముల్లు నిలబడింది. ఖాళీ తక్కెడ సరిగా నిలబడకపోతే ఆ తర్వాత ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని తూచినా అన్నీ తప్పుడు తూకాలే.

పదీ ఇరవైకి ఎదురుగా బస్సు ఆగింది. ఆ వీధి చివరే ఆ బస్సుకి ఆఖరి స్టాపు. జనం దిగకముందే కండక్టరమ్మ దిగింది. టికెట్ల సంచి చంకలో ఇరికించుకుని రోడ్డు దాటి, కౌంటరు మీద రెండుసార్లు తట్టి, అతని వైపు చూడకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. రెండు తట్లంటే లోపలికి వెళ్తున్నానని అర్థం. ఆమెదీ అదే జబ్బు, పెద్దపేగులో పుండ్లు. ఆమె బస్సు తిరిగే దారిలో ఆడవాళ్ళు వెళ్ళదగ్గ చోటు ఇంకొకటి లేదు. మొదట్లో ఒకే తలుపు ముందు ఇద్దరూ కడుపు చేత్తో పట్టుకుని ఎదురుపడి, నువ్వు ముందంటే నువ్వు ముందని మొహమాటపడ్డ రోజున మొదలైంది ఈ చుట్టరికం. మందు పరీక్ష సంగతి అతనికి చెప్పి, ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్ళి చేర్పించింది కూడా ఆమే. అతనికన్నా వారం ముందు చేరింది.

మొహం కడుక్కుని బయటికొచ్చి కౌంటరుకి ఆనుకుని నిలబడింది.

"ఏంటి చెల్లెమ్మా, మొహం అలా వేలాడేశావు? డ్రైవరు వదిలేసి పోతాడనా?"

"పోతే పోనీ అన్నయ్యా, నడుచుకుంటూ పోతా. నన్ను తీసేశారు."

"డ్యూటీలోంచా?"

"మందులోంచి. శనివారం ఫోన్ చేశారు. లెక్క సరిపోలేదంట."

అతను చేతిలో ఉన్న తలుపు గడియని కౌంటరు మీద పెట్టాడు. "ఏ లెక్క సరిపోలేదు? లోపలికి కెమెరా గొట్టం పెట్టి చూసిన లెక్కా?"

"కెమెరా పర్వాలేదన్నారు. వెళ్ళే లెక్కే. తొమ్మిది నుంచి ఐదుకి వచ్చానా, అది చాలదంట. వచ్చే శనివారం సీసా, డైరీ తెచ్చిచ్చేయమన్నారు."

"ఐదా?"

"ఐదే. రోజూ ఐదే. నేనేమైనా దొంగ టికెట్టు కొడతానా?"

బస్సు హారన్ మోగింది. ఆమె "వస్తున్నానురా నాయనా, కడుపుతో ఉన్నదాన్ని తొందరపెట్టినట్టు పెడతావు!" అని రోడ్డు మీంచే అరుస్తూ పరిగెత్తింది. అతను డైరీ తీసి వెనక పేజీలు తిప్పాడు. ఐదు. ఐదు. నాలుగు. ఐదు. ఐదు. ఆ రోజు పేజీలో అప్పటికి రెండు గీతలున్నాయి.

మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది డైరీలు చూసే నర్సు. ఆమెకి అతను పెట్టుకున్న పేరు లెక్కల నర్సు.

"శుక్రవారం పదింటికి రండి. మీ ఆవిడ్ని కూడా తీసుకురండి. ఏడాది కాగితాల మీద సాక్షి సంతకం కావాలి."

"అంటే నేను ఉన్నట్టేనా అమ్మా?"

"కెమెరా బాగుంది, ఆ రోజు డైరీలో చూసిన మీ లెక్కా బాగుంది. నేను ముందే చెప్పకూడదు, డాక్టరుగారు చెప్పాలి. కానీ సంతోషంగా రండి."

"నాకు ఐదు కదమ్మా. ఐదు సరిపోతుందా?"

"అయ్యో, మీకు ఐదంటే బ్రహ్మాండం కదండీ!"

పెళ్ళాం పక్కనే నిలబడి మరల పొట్లాలు కడుతోంది. ఫోను పెట్టగానే అతని మొహం చూసి నవ్వింది. పురికొస పళ్ళతో తెంపి, "ఇక ఏడాది నాకు సెలవు. మా అక్క ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి వస్తా. నువ్వు లోపలికి, నేను గల్లా మీదకి, ఈ కుర్చీలాట నా వల్ల కాదు బాబూ" అంది. మామూలుగా అతన్ని మీరు అంటుంది. సంతోషం వస్తే నువ్వు అయిపోతాడు.

అతను కూడా నవ్వాడు. కానీ ఆ 'మీకు' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. మీకు ఐదంటే బ్రహ్మాండం. మరి ఆవిడకి ఐదంటే? ఐదు కిలోల మేకులు వడ్రంగికి తూచినా ఐదు కిలోలే, పోలీసుకి తూచినా ఐదు కిలోలే. బేరం మనిషిని బట్టి మారుతుంది, అతనూ మారుస్తాడు, దాచుకునేదేం లేదు. తూకం మారడం మాత్రం అతను ఎక్కడా చూడలేదు. సాయంత్రం దాకా ఎవరికి ఏం ఇచ్చాడో, ఏం పుచ్చుకున్నాడో అతనికి గుర్తు లేదు. ఒకాయన తలుపు బందులు అడిగితే కిటికీ కొక్కేలు కట్టి ఇచ్చాడు.

బుధవారం పదీ ఇరవైకి రెండు తట్లు వినబడ్డాయి. ఆమె బయటికి వచ్చేసరికి అతను కౌంటరు మీద తన డైరీ పరిచి ఉంచాడు.

"నీది ఉందా?"

"సంచిలోనే ఉంది. ఎందుకు?"

"తియ్యి. పక్కన పెట్టు."

రెండు నీలం అట్టలు తక్కెడ పక్కన ఒకదాన్ని ఆనుకుని ఒకటి కూర్చున్నాయి. అతను చివర్నుంచి మొదలుపెట్టాడు. అతని నిన్నటి పేజీలో ఐదు, ఆమె ఆఖరి పేజీలో ఐదు. దాని ముందుది ఐదు, ఆమెది ఐదు. రక్తం గడిలో ఇద్దరికీ ఒకటి. వేలు పెట్టి వారం వారం వెనక్కి నడిచాడు. మొదటి వారం అతనిది పది, ఆమెది తొమ్మిది. ఎక్కడా పెద్ద తేడా లేదు. అట్ట తిప్పి మొదటి పేజీకి వచ్చాడు. అది రోగి రాసేది కాదు, చేరిన రోజున నర్సు అడిగి రాసిన పేజీ. వయసు, బరువు, ఎన్నేళ్ళ జబ్బు. ఆ కింద, 'మామూలుగా రోజుకు ఎన్నిసార్లు వెళ్తారు?'

ఆమె పేజీలో ఒకటి అని ఉంది. అతని పేజీలో ఆరు.

"ఒకటేంటి?" అన్నాడు అతను. "చేరినప్పుడు నీకు తొమ్మిది కదా!"

"అది జబ్బు లెక్క. ఇది మామూలు లెక్క. ఆవిడ 'మామూలుగా ఎన్నిసార్లు' అనగానే నేను అడిగా, ఏ మామూలు అమ్మా, జబ్బు రాకముందు మామూలా, జబ్బొచ్చాక మామూలా అని. ఎక్కడ ఎక్కారో తెలీకుండా టికెట్టు ఎలా కొడతాం? జబ్బు రాకముందు అంది. అయితే ఒకటి అన్నా." ఆమె వంగి అతని పేజీ చూసింది. "నువ్వేం అడిగావు?"

అతను ఏమీ అడగలేదు. ఆ రోజు ఆ కుర్చీలో మోకాళ్ళు రెండూ దగ్గరికి నొక్కిపట్టి, చెమటలు కారుస్తూ, నర్సు ప్రశ్నలు ఎప్పుడు అయిపోతాయా అని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. 'మామూలు ఎంత?' అని వినబడగానే ముందు చెయ్యి జేబు మీదకి పోయింది. షాపు నడిపేవాడికి ఆ మాట అనేది ఎక్కువగా ఇన్‌స్పెక్టర్లే. తర్వాత తేరుకుని, కడుపు మరీ తిరగబడని రోజుల్లో ఎన్నిసార్లో లెక్క వేసుకుని, ఆరు అన్నాడు. ఆమె రాసుకుంది. అతను బాత్రూముకి పరిగెత్తాడు.

కండక్టరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "అంటే నీ ఐదు నీ మామూలు కన్నా ఒకటి తక్కువ. పూర్తిగా నయమైపోయినట్టు. నా ఐదు నా మామూలు కన్నా నాలుగు ఎక్కువ. అందుకే నేను బయట." ముందు పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. డైరీ సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది.

"ఎవరితోనూ అనకు అన్నయ్యా. నేనెలాగూ దిగిపోయా. ఉన్నవాడివి నువ్వు ఎందుకు దిగడం?"

"పాసంగం" అన్నాడు అతను.

"ఏంటది?"

"ఖాళీ తక్కెడే వాలి ఉంది. తర్వాత ఎనిమిది వారాలు నేను ఎంత నిజం రాస్తే ఏం లాభం?"

"నీ తక్కెడ నీ దగ్గర పెట్టుకో. నోరు విప్పితే ఊరుకోను" అని వేలు చూపించి వెళ్ళిపోయింది.

సాయంత్రం చీకటి పడకముందే షట్టరు సగం దించి, వెనక గదిలో టీ తాగుతూ పెళ్ళాన్ని అడిగాడు.

"నాకీ జబ్బు రాకముందు రోజుకి ఎన్నిసార్లు వెళ్ళేవాణ్ణి?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, అక్కడికే."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "గుర్తులేదా మీకు? పొద్దున్న ఒక్కసారి. చంకలో పేపరు పెట్టుకుని వెళ్ళేవారు. సంపాదకుడి పేరు దాకా చదివిగానీ తలుపు తీసేవారు కాదు. బయట మీ నాన్నగారు, మీ తమ్ముడు, నేను వరుసలో. మీ నాన్నగారు తలుపు మీద కర్రతో కొట్టి, ఒరేయ్, అది గ్రంథాలయం కాదురా అని అరిచేవారు. మళ్ళీ మర్నాడు పొద్దుటిదాకా ఆ ఊసే ఉండేది కాదు. ఒంట్లో బాగున్న రోజులు."

అతను ఆ మనిషిని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. కర్ర చప్పుడు గుర్తొచ్చింది. పేపరు గుర్తొచ్చింది. మర్నాటిదాకా ఊసే లేకుండా తిరిగిన కడుపు మాత్రం ఎవరిదో అనిపించింది. పన్నెండేళ్ళ జబ్బులో అతను 'ఒకటి' అన్న అంకెనే మరిచిపోయాడు.

జరిగింది చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

"మీరు దొంగతనం చేశారా? లేదు. అబద్ధం ఆడారా? లేదు. అడిగారు, చెప్పారు, రాసుకున్నారు. పది నుంచి ఐదుకి రావడం నిజమే కదా! ఎల్లుండి సీసా ఇచ్చేసి వచ్చాక మళ్ళీ పది అయితే గల్లా మీద ఎవరు కూర్చుంటారు? నేనేగా! నోరు మూసుకుని సంతకం పెట్టండి."

"పెడతాలే" అన్నాడు. ఆ మాట అప్పటికి నిజంగానే అన్నాడు.

గురువారం పొద్దున్న వడ్రంగి మేస్త్రి వచ్చాడు. ముప్పై ఏళ్ళ ఖాతాదారు, చెవిలో పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఒక మాట. రెండంగుళాల మేకులు రెండు కిలోలు కావాలన్నాడు. అతను రాళ్ళు వేసి, చేటతో మేకులు ఎత్తి పళ్ళెంలో పోయడం మొదలుపెట్టాడు.

"షావుకారూ, నీ పుణ్యమా అని మా వదిన కూడా దారిలో పడింది. ఆవిడకీ నీ జబ్బే కదా! ఆ మందు పరీక్షలో చేరమంటే గొట్టాలు పెడతారు, నేను చావనైనా చస్తాను కానీ రానని కూర్చుంది. నీ సంగతి చెప్పి నేనే ఒప్పించా. సోమవారం పేరు రాయిస్తున్నాం."

"నా సంగతి ఏం చెప్పావు?"

"ఏముంది, మా షావుకారుకి పూర్తిగా తగ్గిపోయింది, మళ్ళీ మామూలు మనిషైపోయాడు అని చెప్పా. తగ్గలేదా ఏంటి?"

అప్పుడే కడుపులో మెలి తిరిగింది. చేట పళ్ళెంలోనే వదిలేసి, "ఒక్క నిమిషం మేస్త్రీ" అని వెనక్కి నడిచాడు. పదహారో అడుగు నుంచి పరుగు. తిరిగి వచ్చేసరికి మేస్త్రి స్టూలు మీద కూర్చుని మేకు ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. తక్కెడ ఒక పక్కకి వేలాడుతోంది.

"ఇవాళ ఇది ఎన్నోది షావుకారూ?"

"మూడు."

"ఇంకా పదకొండన్నా కాలేదు."

"ఇంకో రెండు ఉంటాయి. అంతకుమించి ఉండవు."

మేస్త్రి చెవిలోంచి పెన్సిలు తీసి మళ్ళీ చెవిలోనే పెట్టుకుని, ఎగతాళి లేకుండా అడిగాడు. "మా వదిన కూడా ఇలాగే మామూలు అవుతుందా?"

అతను చేట ఎత్తి, మేకులు ఒక్కొక్కటే జారుస్తూ ముల్లు నిలబడేదాకా తూచాడు. పొట్లం కట్టాడు.

"రేపు చెప్తా మేస్త్రీ. సోమవారం రాకముందే."

ఆ రోజు పేజీలో ఐదు గీతలు పడ్డాయి. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం, మేకుల పెట్టెలు దించేటప్పుడు గీసుకున్నట్టే. ఆఖరి రెండు బిళ్ళలూ వేసుకున్నాడు.

శుక్రవారం ఆసుపత్రిలో మూడో అంతస్తు చివరి గది. బల్లకి ఒక పక్క డాక్టరమ్మ, ఇంకో పక్క లెక్కల నర్సు, మధ్యలో ఏడాది కాగితాలు. ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పసుపు చీటీలు అతికించి ఉన్నాయి. నర్సు సీసా బోర్లించి చూసింది.

"ఒక్క బిళ్ళ మిగల్లేదు. ఎనిమిది వారాల్లో ఒక్క పూట కూడా తప్పనివాళ్ళు మీరొక్కరే."

"సరుకు తీసుకుని లెక్క చెప్పకపోతే ఎలా అమ్మా" అన్నాడు. పెళ్ళాం మోచేత్తో పొడిచింది, తొందరగా కానివ్వమని. డాక్టరమ్మ పెన్ను అందించింది. అతను తీసుకున్నాడు. మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"డాక్టరుగారూ, ముందు ఒక బేరం. మా కండక్టరమ్మని తీసేశారు. ఆవిడదీ ఐదు, నాదీ ఐదు. ఇద్దరి డైరీలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆవిణ్ణి కూడా ఉంచండి, నేను సంతకం పెట్టేస్తా."

"ఇంకొకరి వివరాలు మీతో మాట్లాడకూడదండీ."

"ఆవిడవి వద్దు. నావే మాట్లాడండి. మొదటి పేజీ తియ్యండి."

నర్సు తీసింది. అతను ఆరు మీద వేలు పెట్టాడు. పక్కన పెళ్ళాం ఊపిరి గట్టిగా వదలడం వినబడింది.

"ఇక్కడ పాసంగం ఉంది."

డాక్టరమ్మకి ఆ మాట తెలియలేదు. అతను రెండు చేతులూ పళ్ళాల్లా చాపి, ఎడమ చెయ్యి కొంచెం దించి చూపించాడు. "సరుకు వెయ్యకముందే ఇలా ఉంది. మామూలు ఎంత అని అడిగారు. జబ్బులో నా మామూలు చెప్పా. జబ్బు లేని మామూలు అడుగుతున్నారని నాకు తెలియదు. మీరు ఐదుని ఆరుతో తూచారు. దేనితో తూచాలో మా ఆవిడకి గుర్తుంది, నాకు లేదు."

డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు లేచి బీరువాలోంచి దస్త్రాలన్నీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. పంతొమ్మిది. పేర్లు కనబడకుండా చేత్తో కప్పి, మొదటి పేజీలు తిప్పుతూ చదవడం మొదలుపెట్టింది. "ఒకటి. రెండు. ఐదు. ఒకటి. ఏడు." ఏడు దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఒకటి. నాలుగు. ఒకటి. ఆరు, ఇది మీది." చివరికి వచ్చేసరికి నాలుగూ, అంతకన్నా ఎక్కువా ఉన్నవి ఆరుగురివి.

"ఒంట్లో బాగున్నవాళ్ళు రోజుకి ఏడుసార్లు వెళ్తారా?" అంది డాక్టరమ్మ, ఎవరినీ అడగనట్టుగా. "ఈ ప్రశ్న మన భాషలోకి రాసిందెవరు?"

"నేనే మేడమ్. మామూలుగా అంటే అందరికీ తెలుస్తుంది కదా అనుకున్నా." నర్సు ముక్కు ఎర్రబడింది. "నేనూ గమనించి ఉండాల్సింది. వరుసగా అడుగుతూ పోతుంటే అంకెలు అంకెల్లాగే కనిపిస్తాయి."

"మీ తప్పు కాదమ్మా, ఆ మాటదే" అన్నాడు అతను. "దానికి రెండు పళ్ళాలున్నాయి."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "మీది మళ్ళీ లెక్క కడితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"మీరు ఊరుకుంటే మాకు తెలిసేది కాదు."

"సోమవారం మా మేస్త్రి వదిన చేరుతోంది. నన్ను చూసి."

డాక్టరమ్మ తెల్ల కాగితం ఒకటి ముందుకి లాక్కుంది. "సరే. మళ్ళీ అడుగుతున్నాను. జబ్బు రాకముందు, ఒంట్లో బాగున్న రోజుల్లో, రోజుకి ఎన్నిసార్లు వెళ్ళేవారు?"

"ఒకటి" అన్నాడు. నోటితో ఆ అంకె అనడం కొత్తగా ఉంది. పెళ్ళాం పక్కనుంచి, "పేపరుతో" అంది. నర్సు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

డాక్టరమ్మ కూడి చూసింది. వెళ్ళే లెక్కలో మామూలును మించినకొద్దీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు; చేరినప్పుడు మూడు మార్కుల జబ్బు. నిన్నటి దాకా కాగితం మీద అది సున్నా. ఇప్పుడు రెండు. కండక్టరమ్మకి ఎంత వచ్చిందో సరిగ్గా అంత. పాత పేజీలో ఆరుని కొట్టెయ్యకుండా, పక్కన ఇలా ఎందుకు పడిందో రాసి తేదీ వేసింది. పసుపు చీటీలున్న కాగితాలు మడిచి పక్కన పెట్టి, ఇంకో కాగితం జరిపింది. అది బయటికి వెళ్ళేవాళ్ళు పెట్టే సంతకం. అతను పెట్టాడు. సాక్షిగా పెళ్ళాం పెట్టింది, పెన్ను విరిగేంత గట్టిగా.

"అయితే ఇక ఇంతేనా?" అందామె.

"ఇంతేనని ఎవరన్నారు?" డాక్టరమ్మ గోడ మీది క్యాలెండరు చూసింది. "ఆ లెక్క అలాగే ఉండి ఉంటే, మీరు బాగయ్యారని మేము అనుకునేవాళ్ళం, మీరూ అనుకునేవారు. ఐదు దగ్గరే ఏడాది కూర్చునేవారు. ఇక మీద ఐదుకి వచ్చామని సంతోషించేది లేదు. సోమవారం కింద మామూలు ఓపీకి రండి. ఈ జబ్బుకి పరీక్షల్లో లేని పాత మందులు కూడా ఉన్నాయి, మీరు వాడనివి రెండున్నాయి. ఒకటి దాకా వెళ్తామో లేదో చెప్పలేను. కానీ వెళ్ళాల్సింది ఒకటికి. మీ కండక్టరమ్మకి కూడా రమ్మని నేనే ఫోన్ చేస్తాను."

"మేస్త్రి వదిన?"

"ఈ ప్రశ్న మార్చి, పైవాళ్ళు ఒప్పుకునేదాకా కొత్తవాళ్ళని చేర్చుకోం. చేరినవాళ్ళందరినీ మళ్ళీ అడుగుతాం."

నర్సు కాగితం మీద 'మామూలుగా' అన్న మాట కొట్టేసి పెన్ను ఆపింది. "మరి దీని బదులు ఏం రాయమంటారు?"

అతను పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కోపంతో కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "జబ్బు రాకముందు, ఒంట్లో బాగున్న రోజుల్లో అని రాయమ్మా. దాంట్లో తెలియకపోవడానికేముంది?"

నర్సు రాసుకుంది.

తిరుగు బస్సులో కండక్టరమ్మ వాళ్ళ సీటు దగ్గరికి వచ్చి టికెట్టు చింపకుండానే నిలబడింది. అప్పటికే ఆమెకి ఫోను వెళ్ళింది.

"చెప్పొద్దన్నానా? చెప్పావా? నేను ఎక్కిస్తే ఎక్కినవాడివి, ఆఖరి స్టాపు రాకముందే దూకేస్తావా?"

"ఎక్కిన చోటు తప్పు రాశారు చెల్లెమ్మా. టికెట్టు చెల్లదు."

ఆమె రెండు టికెట్లు చింపి అతని పెళ్ళాం చేతిలో పెట్టింది. "వదినా, ఈయనతో ఎలా వేగుతున్నావు?"

"వేగడం లేదమ్మా, వేచి చూస్తున్నా" అంది పెళ్ళాం. వెంటనే ముగ్గురూ నవ్వారు. మలుపులో బస్సు ఊగితే కండక్టరమ్మ పైకడ్డీ పట్టుకుని, "సోమవారం ఎనిమిదింటికి ఓపీలో. నేనొచ్చి కుర్చీ పట్టి ఉంచుతా. తలుపు దగ్గరి కుర్చీ" అంది. అంతలో ఎవరో దిగాలని అరిస్తే వెళ్ళిపోయింది.

సాయంత్రం మేస్త్రి వచ్చి సంగతి విన్నాడు. "అయితే మా వదిన ఆగాలన్నమాట" అన్నాడు. "ఆగితే సరిగ్గా అడుగుతారు" అన్నాడు అతను. మేస్త్రి వెళ్ళేటప్పుడు పావుకిలో మరలు కొన్నాడు. అవసరం లేకపోయినా కొన్నాడని ఇద్దరికీ తెలుసు.

పెళ్ళాం పురికొస ఉండ చుట్టి పక్కన పెట్టింది. చివరికి అంది. "అయితే పేపరు మళ్ళీ వేయించమంటావా?"

"అప్పుడే వద్దు. ఐదు నుంచి ఒకటి దాకా ఇంకా నాలుగున్నాయి."

షట్టరు దించే ముందు అతను చేతిలో ఉన్న సరుకు చూసుకున్నాడు. బిళ్ళలు లేవు. సీసా కూడా లేదు. డైరీ వాళ్ళే ఉంచుకున్నారు. ఏడాది పోయింది. స్టూలు నుంచి తలుపు దాకా ఇరవై రెండు అడుగులు, ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ రోజుకి ఐదుసార్లు నడిచాడు, ఆరోది ఉందో లేదో ఇంకా తెలియదు. వచ్చినవాటిలో, ఎక్కడో ఒక కాగితం మీద మారిన ఒక మాట. సోమవారం ఎనిమిదింటికి తలుపు దగ్గర ఒక కుర్చీ.

మామూలు, ఒకటి.